14 నిమిషాల లెక్క ఒక్కటే చూడకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా చెల్లె కూతురికి నాలుగేళ్లు. మొన్న వానాకాలంలో జ్వరం, దగ్గు వస్తే రెండు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపించారు. మూడో రోజు డొక్కలు ఎగరేస్తుంటే హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించినం. నిమోనియా అన్నారు. రెండో రోజు రాత్రి ఐసీయూలోనే గుండె ఆగింది. 14 నిమిషాలు సీపీఆర్ చేసి బతికించామని చెప్పారు. తర్వాత ఆరు రోజులు వెంటిలేటర్. ఇంటికొచ్చి నెల దాటింది. నడుస్తుంది కానీ తూలుతుంది. ఇంతకుముందు ఇల్లంతా మాటలే, ఇప్పుడు అడిగితే ఒకటి రెండు ముక్కలు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. మా బంధువు ఒకాయన "నాలుగు నిమిషాలు దాటితే మెదడు పోయినట్టే" అన్నాడు. మరి మాకు తెలిసినవాళ్ల బాబుకు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయినంక 40 నిమిషాలు సీపీఆర్ చేశారట, వాడు మంచిగా బడికి పోతున్నాడు. ఎందుకీ తేడా? రాత్రి పెద్ద డాక్టర్ లేకనే ఇట్లయిందా? మా చెల్లె అత్త "నువ్వు ఆలస్యం చేయబట్టే" అని రోజూ అంటుంది. పాప మునుపటిలా అవుతుందా?
– ఒక మేనమామ, వరంగల్ జిల్లా

జవాబు: ముందు మీ బంధువు చెప్పిన నాలుగు నిమిషాల మాట తీసి పక్కన పెడదాం. గుండె ఆగి, ఎవరూ చేయి వేయకుండా ఉన్నప్పటి లెక్క అది. అప్పుడు మెదడుకు రక్తం బొత్తిగా అందదు, నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బ మొదలవుతుంది. మీ పాప ఐసీయూలో ఉంది. ఒంటికి మానిటర్ ఉంటుంది, పక్కనే నర్సు ఉంటుంది. గుండె నెమ్మదించగానే అలారం మోగుతుంది, సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం మొదలవుతుంది. సరిగ్గా నొక్కుతున్నంత సేపూ మెదడుకు కొంత రక్తం వెళుతూనే ఉంటుంది. మామూలుగా వెళ్లేంత కాదు, కానీ సున్నా కూడా కాదు. కాబట్టి 14 నిమిషాల సీపీఆర్ అంటే 14 నిమిషాలు మెదడు ఎండిపోయిందని కాదు. ఆ పెద్దమనిషికి ఈ ముక్క చెప్పండి.

ఇక దగ్గుతో వెళ్లిన పిల్లకు గుండె ఎందుకు ఆగింది? మీరు సూటిగా అడగలేదు గానీ మీ ప్రశ్నలన్నిటికీ మూలం ఇదే. పెద్దవాళ్లలో గుండె ఆగిందంటే చాలాసార్లు గుండెలోనే జబ్బు ఉంటుంది. రక్తనాళం మూసుకుపోయి, లయ తప్పి, ఒక్కసారిగా ఆగుతుంది. పిల్లల్లో ఎక్కువగా అలా కాదు. బోరు మోటారు కాలిపోవడం వేరు, మోటారు బాగానే ఉన్నా బోరులో నీళ్లు అడుగంటడం వేరు. పిల్లల గుండె రెండో రకం. ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ తగ్గిపోతుంది, లేదా ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్‌లో, డెంగీ షాక్‌లో, నీళ్ల విరేచనాల్లో రక్తపోటు పడిపోతుంది. గుండె కొంతసేపు పరుగెత్తుతుంది, తర్వాత అలసి నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది. మన పత్తి పొలాల ఊళ్లలో పురుగుమందు కడుపులోకి వెళ్లిన పిల్లల్లోనూ, కట్లపాము కరిచిన పిల్లల్లోనూ చాలాసార్లు ముందు ఊపిరి ఆగుతుంది, గుండె వంతు ఆ తర్వాతే.

దీనివల్ల ఒక మేలు ఉంది, ఒక కీడు ఉంది. మేలు ఏమిటంటే గుండె స్వతహాగా గట్టిది, ఆక్సిజన్ అందించి నొక్కితే తిరిగి కొట్టుకునే అవకాశం ఎక్కువ. కీడు ఏమిటంటే గుండె ఆగేసరికే మెదడు చాలాసేపటి నుంచి తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తూ ఉంటుంది. డాక్టర్లు లెక్కపెట్టిన 14 నిమిషాల్లో ఆ ముందరి గంటలు కలవవు. పిల్లల భవిష్యత్తు తేల్చే వాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే, బయట మాటల్లో అన్నిటికన్నా తక్కువ వినబడేదీ ఇదే.

మీకు తెలిసిన బాబు విషయం ఇక్కడే తేలిపోతుంది. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలాసార్లు లయ తప్పి ఉన్నట్టుండి ఆగుతుంది. ఆ క్షణం వరకూ మెదడుకు ఆక్సిజన్ బాగానే అందుతూ ఉంటుంది. రక్తపోటు కొలిచే గొట్టం, మందులు ఎక్కించే లైన్లు, ఊపిరి గొట్టం అన్నీ ముందే వేసి ఉంటాయి. పక్కనే ఆ పని తెలిసిన బృందం ఉంటుంది. కొన్ని పెద్ద కేంద్రాల్లో అయితే నొక్కుతూ ఉండగానే ఎక్మో అనే యంత్రానికి కలుపుతారు. గుండె, ఊపిరితిత్తుల పని కొన్నాళ్లు ఆ యంత్రమే చేస్తుంది. ఆ అబ్బాయికి ఎక్మో పెట్టారో లేదో మీ ఉత్తరంలో లేదు. పెట్టకపోయినా అతని 40 నిమిషాలూ మీ పాప 14 నిమిషాలూ ఒక తక్కెడలో వేసేవి కావు.

అంకెలు కావాలంటే కొన్ని చెబుతాను, అయితే ఇవి అమెరికా, కెనడా ఆసుపత్రుల రికార్డుల్లోంచి వచ్చినవి, మన వార్డులకు అచ్చంగా అతకవు. 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో ఆసుపత్రిలో గుండె ఆగిన మూడు వేల నాలుగు వందల మందికి పైగా పిల్లల వివరాలు చూశారు. సీపీఆర్ 15 నిమిషాల లోపు ముగిసినవారిలో బతికి ఇంటికి వెళ్లే అవకాశం సుమారు 41 శాతం. 35 నిమిషాలు దాటితే 12 శాతం. మొదటి పావుగంటలో నిమిషం గడిచే కొద్దీ ఆ అవకాశం రెండు శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. మీకు పనికొచ్చే సంగతి ఆ తర్వాత ఉంది. బతికిన పిల్లల్ని మాత్రమే తీసుకుంటే, తక్కువసేపు సీపీఆర్ జరిగినవారిలో 70 శాతం మందికి మెదడు పనితీరు బాగున్నట్టు తేలింది, 35 నిమిషాలు దాటినవారిలోనూ 60 శాతం మందికి బాగుంది. అంటే బతుకుతారా లేదా అన్నదాని మీద నిమిషాల ప్రభావం చాలా ఎక్కువ, బతికాక ఎలా ఉంటారన్న దాని మీద అంత లేదు. గుండె ఆపరేషన్ పిల్లలు మిగతావారికంటే మెరుగ్గా ఉన్నారని కూడా ఆ అధ్యయనంలోనే తేలింది.

ఒక మాట గుర్తుంచుకోండి. "బాగుంది" అని ఆ లెక్కలో వేసింది స్థూలంగా చూసి. నాలుగేళ్ల పిల్ల అన్నం తిని, నడిచి, అమ్మను గుర్తుపడితే ఆ లెక్కలో బాగున్నట్టే. బళ్లో పలక పట్టుకున్నప్పుడు బయటపడే చిన్న చిన్న లోట్లు అందులో కనబడవు. దీని సంగతి కింద చెబుతాను.

ఆ గదిలో ఏం జరిగిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, ఈ వయసులో దాదాపు ఐదు సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. మధ్యలో ఆపడం వీలైనంత తగ్గించాలి. చెప్పడం తేలిక. రెండు నిమిషాలు నొక్కితే చేయి తిరిగిన మనిషి కూడా అలసిపోతాడు, అందుకే మనుషులు మారుతుండాలి. గుండె తిరిగి కొట్టుకోవడానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ మొదటి ఐదు నిమిషాల్లోపు పడిన పిల్లలు, ఆలస్యమైనవారికంటే ఎక్కువమంది బతికారని 2015 నాటి అధ్యయనం చెప్పింది. సినిమాల్లో గుండె ఆగగానే షాక్ పెట్టి లేపుతారు కదా, పిల్లల్లో ఆ అవసరం పడేది కొద్దిమందికే. షాక్ ఇవ్వలేదని మీ ఇంట్లో ఎవరైనా డాక్టర్లను అంటూ ఉంటే ఆ మాట ఇక్కడితో ఆపండి. మానిటర్‌లో గీత సమంగా అయిపోయిన గుండెకు షాక్ పనిచేయదు.

రాత్రి గురించి. మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. పిల్లల్లో రాత్రి వేళ గుండె ఆగితే, పగలు ఆగినదానికంటే బతికే అవకాశం తక్కువని అమెరికా లెక్కల్లోనే తేలింది. మనుషులు తక్కువ, అలసట ఎక్కువ, పెద్ద డాక్టర్ ఇంటి దగ్గర ఉంటాడు. కానీ వందల ఆసుపత్రుల సగటు చూసి ఆ ఒక్క రాత్రి ఆ ఒక్క మంచం దగ్గర తప్పు జరిగిందని చెప్పలేం. పాపకు తిరిగి గుండె కొట్టుకుందంటే ఎవరో ఒకరు వెంటనే, గట్టిగా పనిచేశారు. అయినా మీకు తెలుసుకునే హక్కుంది. ఆసుపత్రి నుంచి కేసు షీటు నకలు అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. కొట్లాట పెట్టుకుని అడగొద్దు. "తర్వాత చూసే డాక్టర్‌కు చూపించాలి" అని అడగండి, నిజం కూడా అదే. అందులో గుండె ఎన్ని గంటలకు ఆగింది, అంతకు ముందు ఆక్సిజన్ శాతం ఎంతసేపు తక్కువగా ఉంది, మొదటి అడ్రినలిన్ ఎప్పుడు పడింది, తర్వాతి రోజు కంటిపాపలు వెలుగుకు స్పందించాయా, ఫిట్స్ వచ్చాయా, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎమ్మారై తీశారా అన్నవి వెతకాలి. మీకు అర్థం కాకపోయినా, చూసే డాక్టర్‌కు ఆ నాలుగు కాగితాలే సగం చెప్పేస్తాయి.

గుండె తిరిగి కొట్టుకోవడంతో కథ అయిపోదు. ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లో రక్తపోటు పడిపోకుండా చూడటం, జ్వరం రానివ్వకపోవడం, పైకి కనబడని ఫిట్స్‌ను ఈఈజీతో పట్టుకోవడం, ఆక్సిజన్ మరీ తక్కువా మరీ ఎక్కువా కాకుండా ఉంచడం, ఇవన్నీ మెదడును కాపాడే పనులు. ఒకప్పుడు ఒళ్లు చల్లబరిస్తే మెదడు బాగుపడుతుందని గట్టిగా నమ్మారు. ఆసుపత్రిలో గుండె ఆగిన పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. 33 డిగ్రీలకు చల్లబరిచినా, మామూలు వేడి దగ్గరే జ్వరం లేకుండా ఉంచినా పెద్ద తేడా లేదు. ఈ సంగతి ఎందుకంటే, "కూలింగ్ సౌకర్యం ఉన్న చోటికి తీసుకుపోతే బాగుండేది" అని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. ఆ బాధ పెట్టుకోకండి. పిల్లకు ముందు నుంచే ఉన్న జబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి. క్యాన్సర్, కిడ్నీ జబ్బు, తీవ్రమైన సెప్సిస్ ఉన్న పిల్లలు తక్కువగా కోలుకుంటారు. మీ పాప అంతకుముందు ఆరోగ్యంగా ఉండి ఉంటే అది ఆమెకు కలిసొచ్చేదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మునుపటిలా అవుతుందా?

పాపను చూడకుండా అవునని చెప్పను, కాదనీ చెప్పను. ఒక్క పరీక్షతో, ఒక్క అంకెతో ఈ మాట తేల్చే డాక్టర్‌ను కూడా నమ్మకండి. కానీ మీరు రాసిన దాంట్లో ఆశ పెట్టుకోదగ్గవి ఉన్నాయి. నెలకే సొంతంగా నడుస్తోంది, మనుషులు అడిగింది అర్థం చేసుకుని జవాబిస్తోంది. తూలడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఆరు రోజులు వెంటిలేటర్ మీద, మత్తుమందుల్లో, కదలకుండా పడుకున్న పిల్లకు కండలు కరుగుతాయి. అది తిండితో, ఆటతో, వ్యాయామంతో చాలావరకు తిరిగివస్తుంది. రెండోది, ఆక్సిజన్ కొరతకు త్వరగా దెబ్బతినే మెదడు భాగాల్లో నడకను సర్దే చిన్నమెదడు ఒకటి, కొత్త విషయాలు గుర్తుంచుకునే భాగం ఒకటి. ఏది ఎంత అన్నది చూస్తేనే తెలుస్తుంది. మాట తగ్గడం, రాత్రి ఉలిక్కిపడటం దగ్గర భయం పాత్ర కూడా ఉంటుంది. ఐసీయూలో చేతులు కట్టి, సూదులు గుచ్చి, అమ్మను బయట నిలబెడితే నాలుగేళ్ల పిల్ల మనసులో ఏం మిగులుతుందో ఊహించండి. గొంతులో గొట్టం ఉన్నందువల్ల గొంతు బొంగురుపోయి మాట్లాడటానికి బద్ధకించే పిల్లలూ ఉన్నారు.

కాబట్టి చేయాల్సింది కూర్చుని ఎదురుచూడటం కాదు. ఇలా గుండె ఆగి బతికిన పిల్లల్ని కనీసం ఏడాది పాటు నరాల వైద్యులు చూస్తూ ఉండాలని 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మన దగ్గర డిశ్చార్జ్ కాగితం మీద "వారం తర్వాత రండి" అని రాసి వదిలేస్తారు, ఆ వారం దాటితే ఎవరూ అడగరు. నాకు దీని మీద కోపం ఉంది. పిల్లను బతికించడానికి అంత కష్టపడి, బతికాక ఆమె ఎలా నడుస్తోందో చూడకపోతే ఎలా?

మీకు దగ్గరగా వరంగల్ ఎంజీఎం పిల్లల విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి. అక్కడి నుంచి అవసరమైతే పిల్లల న్యూరాలజీ కోసం హైదరాబాద్ నీలోఫర్‌కో నిమ్స్‌కో రాయించుకోవచ్చు. చెవి, కంటి పరీక్షలు తప్పకుండా చేయించండి. ఐసీయూలో వాడే కొన్ని యాంటీబయాటిక్‌లు, మూత్రం వచ్చే మందులు వినికిడిని దెబ్బతీయొచ్చు. సరిగ్గా వినబడని పిల్ల మాట తగ్గిస్తుంది, మనం మెదడు పోయిందనుకుంటాం. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి, ఆరు నెలలు ఆగి కాదు. ప్రైవేటుగా భారమైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. 2013 నుంచి నడుస్తున్న ఈ పథకం కింద 18 ఏళ్లలోపు పిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించి ఉచితంగా చికిత్సకు పంపుతారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో ఆశానో అడిగితే దారి చూపుతారు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకోండి.

అంగన్‌వాడీకి పంపడం మానేశారేమో, పంపండి. మొదట గంటసేపు చాలు. తోటి పిల్లల మధ్య వచ్చే మాటలు ఏ థెరపిస్టూ తెప్పించలేడు. కానీ ఇంకో మూడు నాలుగేళ్లు కన్నేసి ఉంచాలి. ఇప్పుడు బాగానే ఉన్నట్టు కనబడిన పిల్ల, రెండో తరగతికి వచ్చి లెక్కల దగ్గర, ఒకచోట కుదురుగా కూర్చోవడం దగ్గర తడబడొచ్చు. అప్పుడు టీచర్ "మొద్దు" అని వదిలేయకుండా ఉండాలంటే ఈ సంగతి బడికి ముందే తెలిసి ఉండాలి. మెదడుకు బలమని అమ్మే టానిక్కుల మీద, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల ప్రకటనల మీద ఒక్క రూపాయి పెట్టకండి. వాటితో ఇలాంటి పిల్లలు కోలుకుంటారనడానికి రుజువు లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి వెళ్లే బస్సు చార్జీలకు పనికొస్తుంది.

మధ్యలో ఫిట్స్ వచ్చినా, చూస్తూ చూస్తూ శూన్యంలోకి వెళ్లిపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, వచ్చిన నడకో మాటో మళ్లీ పోతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి.

ఇక మీ చెల్లె సంగతి. ఆమె అత్తగారికి ఈ పేరా చదివి వినిపించండి. జ్వరం, దగ్గు వచ్చిన మొదటి రోజే హనుమకొండకు పరుగెత్తే తల్లి ఎక్కడా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. వాటిలో ఎక్కువభాగం ఇంట్లోనే తగ్గిపోతాయి. డొక్కలు ఎగరేయగానే తీసుకెళ్లారు, చేయాల్సింది అదే. ఆసుపత్రిలో చేరి ఒక రోజు గడిచాక, డాక్టర్ల కళ్ల ముందే పరిస్థితి విషమించిందంటే ఆ జబ్బు ఎంత తీవ్రమైనదో తెలుస్తుంది. నింద మోస్తున్న తల్లి రాత్రి నిద్రపోదు, నిద్రలేని తల్లి పిల్లతో ఆడుకోలేదు, నష్టం మళ్లీ పాపకే. పిల్లల ఐసీయూ నుంచి వచ్చిన తల్లుల్లో గుండెదడ, ఆ రాత్రే మళ్లీ మళ్లీ గుర్తురావడం, చిన్న దగ్గుకే టెన్షన్ పడటం చాలా మామూలు. ఆమెకు అలా ఉంటే 14416కు ఫోన్ చేయమనండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్లీ జ్వరం వస్తే ఏం చూడాలన్నది మాత్రం ఇంట్లో అందరూ నేర్చుకోండి. పాప నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిమిషం పూర్తిగా గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి 40 లేదా అంతకు మించితే అది ఎక్కువ. డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పాలు నీళ్లు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా 108 పిలవండి. నిమోనియా టీకా పడిందో లేదో కార్డు చూడండి, ఏటా వేసే ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగండి.

సీపీఆర్ కూడా ఇంట్లో ఇద్దరైనా నేర్చుకుంటే మంచిది. నేర్పేవారిని పిల్లల పద్ధతి ప్రత్యేకంగా అడగండి. పెద్దవాళ్లకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలని టీవీల్లో చూపిస్తుంటారు. పిల్లలకు అది సరిపోదు, ఎందుకంటే పైన చెప్పినట్టు అక్కడ ముందు తగ్గేది ఆక్సిజన్. ఒక్కరే ఉంటే 30 సార్లు నొక్కి రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి.

ఎంజీఎంకు వెళ్లే ముందు మీ ఫోన్‌లో పాప నడిచేది, మెట్లు ఎక్కేది, అన్నం తినేది, మాట్లాడేది రెండేసి నిమిషాలు వీడియో తీసుకోండి. ఆసుపత్రికి రాగానే పిల్లలు బిగుసుకుపోతారు, అక్కడ కనబడనిది వీడియోలో కనబడుతుంది. జబ్బుకు ముందు తీసిన పాత వీడియో ఉంటే అదీ పట్టుకెళ్లండి.